బర్నబాస్ తల దగ్గర పూసిన చెట్టు

రేపల్లెలో పాల వ్యాపారంలోకి కొత్తగా దిగినవాడికి పాతవాళ్ళు మొదటిరోజే ఒక మాట చెప్పి పెడతారు. "ఎవరింటికి ఏ పాలైనా పోసుకో. జ్ఞానమ్మ టీచరు గారింటికి మాత్రం నీళ్ళు కలిపి తీసుకెళ్ళొద్దు. కలిపావని చెప్పడమే కాదు, ఏ బోరు నీళ్ళో కూడా చెప్పేస్తది."

ఇందులో అతిశయోక్తి పెద్దగా లేదు. జ్ఞానమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల బడిలో కుట్టు టీచరుగా చేసింది. పిల్ల ఇంటి దగ్గర కుట్టి తెచ్చిన జేబురుమాలును వెలుతురుకెత్తి చూసి, "ఇది నువ్వు కుట్టలేదు, మీ అమ్మ కుట్టింది. కుట్టేటప్పుడు మీ నాన్నతో తగువులో ఉంది. ఇదిగో, ఇక్కడ దారం బిగిసింది" అనేది. పిల్ల ఏడుపు మొదలుపెట్టేది, ఎందుకంటే అది నిజమే. జ్ఞానమ్మ ఇంట్లో గోడగడియారం కూడా ఆవిడ ఎప్పుడు తనిఖీ చేస్తుందోనన్న భయంతో అయిదు నిమిషాలు ముందే నడిచేదని వీధిలో చెప్పుకునేవారు.

అలాంటి మనిషికి దేవుడు బర్నబాస్‌ని జతచేశాడు. ఆయన రైల్వేలో టిక్కెట్లిచ్చే గుమాస్తా. రైలు టిక్కెట్టు మీద పట్టేటన్ని మాటలే మాట్లాడేవాడు: ఎక్కడినుంచి, ఎక్కడికి, అంతే. జ్ఞానమ్మ ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆయన జేబులు వెతికింది, చొక్కాలు వాసన చూసింది, గొడుగు విప్పి మరీ చూసింది. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకని మగాడు ఎక్కడైనా ఉంటాడా అన్నదే ఆవిడ అసలు అనుమానం.

ఆ ఇంట్లో పూలమొక్క ఉండేది కాదు. దానికో కారణం ఉంది. పెళ్ళయిన మూడో నెలలో చర్చివాళ్ళు సూర్యలంక తీరానికి వనభోజనానికి వెళ్ళారు. సరుగుడు చెట్ల కింద పొయ్యి వెలిగిస్తే పొగ పైకి పోయి, ఎక్కడో ఉన్న తేనెపట్టు కదిలింది. వందమంది ఉన్నారక్కడ. ఈగలు మాత్రం కొత్త పెళ్ళికూతుర్నే ఎంచుకున్నాయి. మొహం గుమ్మడికాయంత అయింది. ఊపిరాడక, బాపట్ల ఆసుపత్రిలో మూడురోజులుంది. చూడవచ్చిన వాళ్ళమ్మ మంచం దాటి ముందుకుపోయి, "మా అమ్మాయి ఏ మంచమండీ?" అని నర్సుని అడిగిందట.

ఆ తర్వాత జ్ఞానమ్మ బర్నబాస్ చేత బైబిలు మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. ఇంటి ఆవరణలో పువ్వు పూసేదేదీ ఉండకూడదు. మందారం పీకించింది. కాపుకొచ్చిన ములగచెట్టు కొట్టించింది. పెరడంతా నాపరాళ్ళు పరిపించింది. బల్లమీద కూజాలో ప్లాస్టిక్ గులాబీలు పెట్టి, వాటిని కూడా ఆదివారం ఆదివారం దులిపి చూసేది.

తేనె సంగతి మాత్రం వేరు. ఈగ పనికిరాదుగానీ ఈగ చేసింది పనికొస్తుంది. బర్నబాస్ రిటైరయిన దగ్గర్నుంచి, చర్చి స్నేహితుడెవరో పంపిస్తున్నాడని అప్పుడప్పుడు ఓ సీసా తెచ్చేవాడు. జ్ఞానమ్మ దాన్ని నీళ్ళగ్లాసులో వేసి చూసింది, అగ్గిపుల్ల ముంచి వెలిగించి చూసింది, గుడ్డ మీద పోసి మరక చూసింది. అన్నింటా నెగ్గింది. ఆవిడ జీవితంలో పరీక్షకు నిలబడ్డ వస్తువు అదొక్కటే. రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు. బర్నబాస్ పోయాక పక్కింటి మంగాయమ్మ, "మా చెల్లెలు పంపింది వదినా" అంటూ అలాంటి సీసాలే తెచ్చిస్తోంది.

బర్నబాస్ పోయి ఏడాదిన్నర. నిద్రలోనే, ఎవరికీ చెప్పకుండా, ఒక్క మాట కూడా వృథా చెయ్యకుండా పోయాడు. సమాధుల తోటలో గోడవారన పెట్టారు. మట్టి కుంగాక రాయి వేయించడం ఆనవాయితీ. ఈలోపు జ్ఞానమ్మకు రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ జరిగి, ఏడాదిపాటు అటువైపు పోలేకపోయింది. ఈసారి నవంబరు రెండున సమాధుల పండుగకి రాయి దిగాలని తెనాలిలో శివనాగరాజు అనే శిల్పికి చెప్పింది. జంటరాయి. ఎడమవైపు బర్నబాస్ పేరు, తేదీలు. కుడివైపు తన పేరు, పుట్టిన తేదీ. రెండో తేదీ చోటు ఖాళీ.

పండుగ అయిదు రోజులుందనగా సున్నం బకెట్టుతో, మంగాయమ్మ తోడుతో సమాధుల తోటకి వెళ్ళింది. గేటు దాటి పది అడుగులు వేసి ఆగిపోయింది.

బర్నబాస్ తల దగ్గర చెట్టు ఉంది. గుండెల దాకా ఎత్తు. కొమ్మకొమ్మకీ కాషాయం రంగు కలిసిన ఎర్ర పూలు, సన్నటి గొట్టాల్లా గుత్తులు గుత్తులుగా. చుట్టూ పాదు చేసి ఉంది. పాదులో నీళ్ళు ఇంకా ఇంకలేదు. సీతాకోకచిలుకలు, గుప్పెడంత తేనెపిట్ట ఒకటి, వాటి మధ్యన జుమ్మని తేనెటీగలు.

జ్ఞానమ్మ ఎంత వేగంగా వెనక్కి వచ్చిందంటే, చూస్తే డాక్టరు తన ఆపరేషన్‌ని తనే మెచ్చుకునేవాడు.

"ఎవరు నాటారే ఇది?" గేటు పట్టుకుని అరిచింది.

"నన్నడుగుతావేంటి వదినా? దానంతటదే మొలిచిందేమో" అంది మంగాయమ్మ.

"దానంతటదే మొలిచి, దానంతటదే పాదు చేసుకుని, దానంతటదే నీళ్ళు పోసుకుందా? కొమ్మలు చూడు. ఎండు కొసలన్నీ కత్తిరించి ఉన్నాయి. మగాళ్ళు అంత శ్రద్ధగా కత్తిరించరు. ఇది ఆడచెయ్యి."

"చాల్లే. పోయినాయన మీద ఇంకా ఏం అనుమానం?"

"ఆయన పోయాడుగానీ, నీళ్ళు పోసే మనిషి బతికే ఉందిగా! నాకు పూలంటే పడదని ఊరంతటికీ తెలుసు. అయినా నాటిందంటే ఆయన నా మొగుడు కాదు, తన మనిషి అని చెప్పడానికే." ఆవిడ గొంతు కొంచెం వణికింది. వణికిందని మంగాయమ్మ గమనించిందేమోనని అనుమానపడి గట్టిగా దగ్గింది. "ఒక కొమ్మ విరుచుకురా. ఆ చెట్టు పేరేంటో, ఎక్కడ దొరుకుద్దో తేలుస్తాను."

మంగాయమ్మ ఈగల మధ్యలోకి తోటకూర తుంచుకొచ్చినంత తీరికగా వెళ్ళి, కొమ్మ విరుచుకొచ్చింది. ఒక్క ఈగా ఆమె జోలికి రాలేదు. జ్ఞానమ్మ అది కూడా చూసింది. మనసులో దాచుకుంది.

మర్నాడు పొద్దున్నే తెనాలి ప్యాసింజరెక్కింది. కొమ్మని న్యూస్‌పేపర్లో చుట్టి, దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని స్టీలు క్యారియర్లో పెట్టి మూతలు బిగించింది. ఎదురు సీటావిడ, "ఏం కూరండీ?" అని అడిగితే, "ఇంకా తెలీదు" అంది.

తెనాలిలో దిగి ముందు శివనాగరాజు షెడ్డుకి వెళ్ళింది. అతను నల్లరాయి మీద వంగి, ఉలి పట్టుకుని ఉన్నాడు.

"నా పేరు ఆపెయ్."

అతను తలెత్తాడు. "జ్ఞా దాకా వచ్చానమ్మా."

"అక్కడే ఆపు."

"బాగా చెప్పారు. రాయి మీద జ్ఞా అని ఒక్క అక్షరం వదిలేస్తే, చూసినోళ్ళు మధ్యలో శిల్పి పోయాడనుకుంటారు. ఇది పలక కాదు కదమ్మా తడిగుడ్డతో తుడవడానికి."

"నేను ఆయన పక్కన పడుకోవాలో లేదో ఇంకా తేలలేదు. తేలాక ఫోన్ చేస్తాను. వద్దంటే ఆ అక్షరం మీద ఓ శిలువ చెక్కెయ్."

ముప్పై ఏళ్ళుగా రాళ్ళు చెక్కుతున్న శివనాగరాజు, దేవుళ్ళ ముక్కులు రెండుసార్లు మార్చమన్నవాళ్ళని చూశాడుగానీ, సమాధిలో సీటు క్యాన్సిల్ చేసుకునే మనిషిని చూడ్డం అదే మొదటిసారి.

అక్కడినుంచి ఆటోలో నర్సరీకి. యజమాని పవన్ కుమార్ కొమ్మ చూడగానే నవ్వాడు. "హమేలియా అండి. పన్నెండు నెలలూ పూస్తది. ఎండ ఎంతున్నా ఫర్వాలేదు. పాదులో నీళ్ళు నిలవ ఉండకూడదు, పూత అయిపోయిన కొసలు కత్తిరిస్తా ఉండాలి. అలా చేస్తే ఊళ్ళో ఉన్న తేనెటీగలన్నీ మీ ఇంట్లోనే ఉంటాయి."

"నా ఇంట్లోనా!" అంటూ జ్ఞానమ్మ క్యారియరు మూత వేసేసింది. "రేపల్లెలో ఇది ఎవరు కొన్నారో గుర్తుందా బాబూ?"

"రేపల్లె అంటే గుర్తులేకేంటండి. రైల్వే సారు. మనిషి మాట్లాడరు. మూడేళ్ళ కిందట వచ్చి, ఏడాది పొడుగునా పూయాలి, తేనె ఉండాలి అన్నారు. రెండు తీసుకున్నారు."

"రెండా? రెండోది ఎవరికి?"

"బాపట్లలో మహాలక్ష్మి గారికని చెప్పారండి. స్టేషను వెనకవీధి. ఆవిడ కూడా మా దగ్గరే మొక్కలు కొంటారులెండి. మంచావిడ."

మంచావిడ! జ్ఞానమ్మ బుర్రలో రైళ్ళు వరసగా వచ్చి ఆగాయి. ప్రతి రెండో శనివారం బర్నబాస్ బాపట్ల వెళ్ళేవాడు. పెన్షనర్ల మీటింగు అనేవాడు. తిరిగొచ్చేటప్పటికి చొక్కా కాలరు మీద పసుప్పచ్చటి పొడి. ఆవిడ అడిగింది కూడా. "పసుపా?" "దుమ్ము." అంతే జవాబు. ముప్పై ఆరేళ్ళు ఏమీ దొరకని జేబుల్లో వెతికింది. కాలరు మీద దొరికినదాన్ని మాత్రం ఉతికేసింది.

మధ్యాహ్నానికల్లా బాపట్ల స్టేషను వెనకవీధిలో ఉంది. ఇల్లు వెతకాల్సిన పని పడలేదు. గోడ మీదుగా అవే పూలు వీధిలోకి వంగి ఉన్నాయి. రేపల్లెది గుండెల దాకా ఉంటే ఇది ఇంటి చూరు అందుకుంటోంది. ఇక్కడి దానికే ఎక్కువ నీళ్ళు పోశారన్నమాట, అనుకుంది. వీధికి అవతలి పక్కన, ఈగలకి అందనంత దూరంలో నిలబడి, "ఏవండీ, మహాలక్ష్మి గారూ!" అని కేకేసింది.

తలుపు తెరుచుకుంది. ఒక ఆడమనిషి బయటికొచ్చింది.

అరవై దాటిన మనిషి. ఒంటినిండా తెల్లబట్టలు, చేతులకి తెల్ల తొడుగులు. తలమీద నుంచి భుజాల దాకా తెల్లని వల ముసుగు.

జ్ఞానమ్మ పెళ్ళి చర్చిలో జరిగింది. బడిపిల్లలకి నేర్పడానికి యాభై పెళ్ళి ముసుగులు తన చేత్తో కుట్టింది. తెల్లబట్టలు, తొడుగులు, వల ముసుగు చూస్తే ఆవిడకి ఒకే ఒక్క సంగతి తోస్తుంది. అదే తోచింది. ఆయన పోయి ఏడాదిన్నరయినా ఈవిడ ఇంకా ముసుగు తియ్యలేదన్నమాట!

"ఎన్నాళ్ళయింది?" అంది.

"ఏంటండి?"

"ఆ ముసుగు వేసుకుని ఎన్నాళ్ళయింది?"

"పొద్దున్న పదింటికి వేశానండి. ఇవాళ పెట్టెలు విప్పాను." ఆవిడ ముసుగు పైకెత్తి, కళ్ళు చిట్లించి చూసింది. వెంటనే రెండు చేతులూ అడ్డం పెట్టింది. "అంత దూరాన నిలబడ్డారంటే మీరు జ్ఞానమ్మ గారు కదూ! అక్కడే ఆగండి, అక్కడే! మీకు ఈగలు పడవు. వెనకవైపు నుంచి రండి, వంటింట్లో కూర్చుందాం. ఈ బట్టలు మార్చుకొస్తాను."

తన పేరు తెలుసు. తనకి ఏది పడదో కూడా తెలుసు. జ్ఞానమ్మకి అనుమానం తగ్గాలో పెరగాలో తెలియలేదు. పెంచుకోవడమే మేలనుకుని లోపలికి వెళ్ళింది.

వంటింట్లో మజ్జిగ ఇచ్చి మహాలక్ష్మి చెప్పింది. ఆవిడ వ్యవసాయశాఖలో పనిచేసి రిటైరయింది. రెండో శనివారం రెండో శనివారం రైతులకి తేనెటీగలు పెంచడం నేర్పుతుంది.

"బర్నబాస్ గారు ఆరేళ్ళు వచ్చారండి. ఒక్క క్లాసు మానలేదు. మీకెందుకండీ ఈ పని అని మొదటిరోజు అడిగాను. మా ఆవిడ మొహం వాచేట్టు కుట్టిన పురుగు ఎట్టా ఉంటదో దగ్గరగా చూద్దామని వచ్చాను అన్నారు. ఆ రోజు ఆయన మాట్లాడింది అదే. చూశాక వదల్లేకపోయారు, తనూ ఈగల పెట్టెలు పెట్టారు. మన ప్యాసింజరు కన్నా నయమండీ, టైముకి బయల్దేరతాయి, టైముకి వస్తాయి అనేవారు."

"పెట్టెలు ఎక్కడ పెట్టాడు?"

"మీ ఇంట్లో పెట్టనని ఒట్టు వేశానన్నారు. మీ ఊళ్ళో హనుమయ్య గారి బీర పందిరి దగ్గర పెట్టారు. సమాధుల తోట గోడకి అవతల."

జ్ఞానమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. నీళ్ళు ఎక్కువయ్యాయని తెలుస్తూనే ఉందిగానీ ఆ సంగతి ఎత్తలేదు. "అయితే ఆ తేనె..."

"మీరు అగ్గిపుల్ల వెలిగించి చూశారటగా? వెలిగిందని ఆయన మాకందరికీ మిఠాయి పెట్టారు."

లేచి వెళ్ళిపోతుంటే మహాలక్ష్మి లోపలినుంచి మడతపెట్టిన తెల్లటి సంచి తెచ్చిచ్చింది. "ఇది ఆయన ముసుగు. మీకే చెందుతుంది. తెలియక దగ్గరికి వెళ్తారేమో, ఇది లేకుండా వెళ్ళొద్దు. చేతులకి తొడుగులు కూడా ఉన్నాయి."

జ్ఞానమ్మ రైల్లో ఆ సంచి విప్పి వాసన చూసింది. పొగ, మైనం, కొంచెం బర్నబాస్.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఆయన మొక్క కొన్నాడు సరే. ఆయన పోయాక ఆయన సమాధి మీద ఎవరు నాటారు? పొద్దున్నే హనుమయ్య చేను గట్టుకి దూరంగా నిలబడి పిలిచింది. బీర పందిరి కింద నుంచి వంగుతూ వచ్చాడు హనుమయ్య.

"నేనే నాటానమ్మా" అన్నాడు, తప్పు చేసినవాడిలా. "సారు తెచ్చిన మొక్క గట్టు మీద వేశాం. ఆయన పోయినాక మేకలు చాలావరకు తినేశాయి. చుట్టూ అంతా వరి. వరిలో ఈగకి ఏముంటది? పూలు లేకపోతే లేచిపోతాయి. అవి పోతే నా బీరకి పిందె పట్టదు. మిగిలిన కొమ్మ ఒక్కటి ఉంది. సమాధుల తోటకి గోడ ఉంది గదా, మేక రాదు. సారు దగ్గర నేల మెత్తగా ఉంది. ఆయన కాదనడులే అనుకున్నా."

"ఆ కొసలు కత్తిరించింది కూడా నువ్వేనా?"

హనుమయ్య నేల చూపులు చూశాడు. "కత్తిరించేది మంగాయమ్మ గారండి. తేనె తీసినప్పుడు మీ సీసా పట్టుకెళ్ళేది కూడా ఆవిడే. సారు ఎప్పుడో చెప్పి ఉంచారు, మీకు తేనె ఆగకూడదని."

ఆడచెయ్యి అన్నది నిజమే. జ్ఞానమ్మకు నవ్వు రాబోయింది. అంతలోనే ఇంకోటి గుర్తొచ్చి ఆగింది. తన పక్కింటి మనిషి, తన వంటింట్లో కూర్చుని, తన కళ్ళలోకి చూస్తూ, చెల్లెలు పంపిన తేనె అని ఏడాదిన్నర అబద్ధమాడింది. బోరు నీళ్ళు పట్టుకున్న తను దాన్ని పట్టుకోలేకపోయింది!

అప్పుడే ఫోన్ మోగింది. శివనాగరాజు. "అమ్మా, రేపు సాయంత్రానికి రాయి బయల్దేరాలి. జ్ఞా దగ్గర నా ఉలి అట్టాగే ఉంది. చెక్కనా, శిలువ వెయ్యనా? ఇంకో సంగతి. తల దగ్గర చెట్టుందని, చోటు చూసొచ్చిన మా మేస్త్రీ చెప్పాడు. అది తీస్తేనే రాయి పట్టుద్ది. తీయించెయ్యమంటారా?"

గోడ అవతలి నుంచి జుమ్మని వినిపిస్తోంది. జ్ఞానమ్మ అటు చూసింది. ఆ చెట్టుంటే, రేపో మాపో తనని తీసుకొచ్చి ఆ పక్కన పెట్టాక, సూర్యలంకలో తనని ఎంచుకున్న ఆ జాతి పురుగే పన్నెండు నెలలూ తన తలమీద తిరుగుతుంది. ఫోన్లో శివనాగరాజు మూడుసార్లు హలో అన్నాడు.

"చెట్టు తియ్యొద్దు. రాయి ఓ అడుగు కాళ్ళవైపుకి జరపమను. ఆయన పొట్టివాడే, కాళ్ళు సరిపోతాయి."

"మరి పేరు?"

"పూర్తిగా చెక్కు. పోయాక కుట్టినా మొహం వాచదులే."

నవంబరు రెండు మధ్యాహ్నానికి సమాధుల తోటంతా సున్నపు తెలుపు, కొవ్వొత్తులు, బంతిపూలు. ప్రభుదాస్ పాస్టరు గారు ఒక్కో సమాధి దగ్గరా ప్రార్థన చేస్తూ వస్తున్నారు. గోడవారకి వచ్చేసరికి ఆయన నోట్లో వాక్యం ఆగిపోయింది. కొత్తగా దించిన నల్లరాయి పక్కన, తెల్లచీర మీద మోచేతుల దాకా తొడుగులతో, తలనుంచి భుజాల దాకా తెల్లని వల ముసుగుతో జ్ఞానమ్మ నిలబడి ఉంది.

"ముసుగు బాగా కుదిరింది వదినా" అంది మంగాయమ్మ, నాలుగడుగుల దూరంలో ఉండి. "పాస్టరు గారిని మళ్ళీ ప్రమాణాలు చదవమందామా?"

"నువ్వు మాట్లాడకు. సాయంత్రం ఇంటికి రా. నీకు అసలు చెల్లెలుందో లేదో ముందు తేలాలి. ఇంకేం దాచావో ఆ తర్వాత."

"చెప్పడానికేముంది, తేనేగా!"

"తేనె ఒక్కటేనని నాకెలా తెలుస్తుంది? ఆరేళ్ళు, నెలకో శనివారం. ఈగల గురించి అన్నాళ్ళు చెప్పడానికి ఏముంటది ఆ మహాలక్ష్మికి?"

పాస్టరు గారు గొంతు సవరించుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. జ్ఞానమ్మ మాత్రం మూసుకోలేదు. ప్రార్థన సమయంలో ఎవరెవరు కళ్ళు తెరుస్తారో చూడ్డం ఆవిడ పాత అలవాటు. చెట్టు కొమ్మ గాలికి కదిలింది. ఒక తేనెటీగ పువ్వు గొట్టంలోంచి వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చి, ఒళ్ళు దులుపుకుని, ఎగిరొచ్చి సరిగ్గా ఆవిడ ముక్కుకి ఎదురుగా వల మీద వాలింది.

జ్ఞానమ్మ కదల్లేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి దాన్ని అంత దగ్గరగా చూసింది. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దది. ఒంటిమీద నూగు. కాళ్ళకి, బర్నబాస్ కాలరు మీద ఉండే అదే పసుప్పచ్చటి పొడి. అది రెండు మీసాలూ ముందుకు చాపి, వలకంతల్లోంచి ఆవిణ్ణి ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి, ఎంత చూసినా నమ్మకం కుదరనట్టు చూస్తోంది.